సిటీ పేజీ చదవడం ఎలా? నగర, రాష్ట్ర రాజకీయాలు, లోకల్ వార్తలపై తరచుగా అడిగే ప్రశ్నలు

పొద్దున్నే పేపర్ తిరగేసి, రాత్రి టీవీ చూసి, మధ్యలో వాట్సాప్‌లో వచ్చినవన్నీ చదివి కూడా "మన ఊళ్లో అసలేం జరుగుతోందో అర్థం కావట్లేదండీ" అనేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. వాళ్లు అడిగే ప్రశ్నలు కొన్ని మళ్లీ మళ్లీ అవే. వాటికి నాకు తోచిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను. రెండు తెలుగు రాష్ట్రాల గురించే రాశాను, ఢిల్లీ జోలికి పోలేదు.

అవన్నీ సరే, ముందు మీరు ఏ పార్టీయో చెప్పండి?

ఇది తేలకపోతే మిగతాది ఎవరూ చదవరని తెలుసు కాబట్టే మొదట పెట్టాను. ఓటుంది, వేస్తాను, ఎవరికో చెప్పను. చంద్రబాబును ఒక మాటంటే సాక్షి చదివి వచ్చావంటారు, జగన్‌ను అంటే ఎల్లో మీడియా అంటారు, రేవంత్ రెడ్డిని అంటే గులాబీ కండువా కప్పుతారు, కేసీఆర్‌ను అంటే అది తీసి ఇంకోటి కప్పుతారు. ఇన్ని కండువాలు మోసే ఓపిక నాకు లేదు. కొన్నేళ్లు ఒక పత్రిక జిల్లా డెస్కులో (పేరెందుకులెండి) విలేకరులు పంపిన వార్తలు దిద్దే పని చేశాను. ఇక్కడ చెప్పేవాటిలో సగం ఆ కుర్చీలో కూర్చుని నేర్చుకున్నవే.

మా వీధిలో మురుగు పొంగుతోంది. కార్పొరేటర్‌ను అడగాలా, ఎమ్మెల్యేనా, కమిషనర్‌నా?

ముందు ఆ నీళ్లు ఏ నీళ్లో చూడాలి. వెటకారం కాదు, నిజంగానే. హైదరాబాద్‌లో ఇంటి మురుగు వెళ్లే లైను జలమండలిది, వాన నీళ్లు వెళ్లే నాలా కార్పొరేషన్‌ది. జలమండలి 1989లో విడిగా పుట్టిన బోర్డు, దాని మీద మేయర్ పెత్తనం లేదు. మ్యాన్‌హోల్ పొంగితే ఒకరికి, నాలా పొంగితే ఇంకొకరికి చెప్పాలి, రెండూ కలిసి పొంగితే (వానాకాలంలో అయ్యేది అదే) ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. విజయవాడలోనో విశాఖలోనో ఉంటే ఈ తిరకాసు తక్కువ, అక్కడ మంచినీళ్లూ మురుగూ కార్పొరేషనే చూస్తుంది.

ఇక కార్పొరేటర్ చేయగలిగింది ఏమిటంటే, మీ అర్జీ పట్టుకుని వార్డు ఇంజినీర్ దగ్గరికి వెళ్లడం, పని కాకపోతే జనరల్ బాడీలో లేచి అరవడం. ఎమ్మెల్యే చేయగలిగింది అధికారికి ఫోన్ చేయడం. ఫోన్ ఎవరు చేస్తే పని త్వరగా అవుతుందో మీకూ తెలుసు, కార్పొరేటర్‌కూ తెలుసు, అందుకే ఆయన కూడా ఎమ్మెల్యే ఇంటి ముందే నిలబడతాడు. మీ సమస్య లోకల్ పేజీలో "మురుగు కూపంగా మారిన ఫలానా కాలనీ" అని ఫొటోతో వస్తే మాత్రం మర్నాడు పూడికతీత మనుషులు రావడం నేను చాలాసార్లు చూశాను. అయితే ఆ కింద అది ఏ శాఖ పనో ఒక్క ముక్క రాస్తే, చదివినవాళ్లకు మళ్లీసారి ఎక్కడికి వెళ్లాలో తెలిసేది. మన పేజీల్లో ఎక్కువగా "అధికారులు స్పందించాలని స్థానికులు కోరుతున్నారు" అనే ఉంటుంది. ఏ అధికారులు?

మేయర్‌కు అసలు అధికారాలు ఉన్నాయా?

ఉన్నాయి, బుగ్గ కారు ఉన్నప్పటికంటే కొంచెం తక్కువ.

సీరియస్‌గా చెప్పాలంటే, 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నగరపాలికలకు ఇవ్వదగ్గ పనులంటూ 18 అంశాల జాబితా 12వ షెడ్యూల్‌లో చేర్చారు: పట్టణ ప్రణాళిక, నీటి సరఫరా, అగ్నిమాపకం, మురికివాడల అభివృద్ధి ఇలాంటివి. కిటుకంతా "ఇవ్వదగ్గ" అనే మాటలో ఉంది. ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్ర ప్రభుత్వం ఇష్టం. హైదరాబాద్ సంగతే చూడండి: నీళ్లు జలమండలివి, శివారు లేఅవుట్లు హెచ్‌ఎండీఏవి (మహానగర అభివృద్ధి సంస్థ), ఫైరింజన్లు రాష్ట్ర శాఖవి, 2024 జూలై నుంచి చెరువుల రక్షణ, విపత్తుల పని హైడ్రాది. మేయర్ చేతిలో మిగిలింది చెత్త, వీధి దీపాలు, లోపలి రోడ్లు, నాలాలు, దోమల మందు. కమిషనర్‌ను వేసేదీ తీసేదీ కూడా రాష్ట్ర ప్రభుత్వమే, మున్సిపల్ శాఖను ముఖ్యమంత్రి తన దగ్గరే పెట్టుకుంటే ఇక చెప్పేదేముంది.

పైగా మేయర్‌ను జనం నేరుగా ఎన్నుకోరు. ఒకప్పుడు ఎన్నుకున్నారు: 2002లో తీగల కృష్ణారెడ్డి హైదరాబాద్‌కు అలా నేరుగా గెలిచిన మేయర్. తర్వాత పద్ధతి మార్చేశారు. నగరం మొత్తం ఓట్లతో గెలిచిన మనిషి పక్కన ఎమ్మెల్యేలు చిన్నగా కనిపిస్తారు కదా, అదే కారణమని నా అనుమానం, ఏ ప్రభుత్వమూ ఒప్పుకోదు.

కాబట్టి పేపర్లో "మేయర్ ఆదేశించారు" అని ఉంటే ఊరుకోండి, "కమిషనర్ ఉత్తర్వులు జారీ చేశారు" అని ఉంటే చదవండి, "స్టాండింగ్ కమిటీ ఆమోదించింది" అని లోపలి పేజీలో ఐదు లైన్లు ఉంటే కత్తిరించి దాచుకోండి. డబ్బు కదిలేది ఆ ఐదు లైన్లలోనే.

స్థానిక ఎన్నికలు టైంకి ఎందుకు జరగవు?

ఓడిపోతామనే భయం ఉన్నవాళ్లకు వాయిదా వేసే వీలు కూడా ఉంది కాబట్టి. రిజర్వేషన్లు, వార్డుల విభజన, కోర్టు కేసులు... బయటికి చెప్పే కారణాలు ఇవి. కొన్ని నిజమైనవే. కానీ చరిత్ర చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

హైదరాబాద్‌లో 1986లో ఎన్నికలు జరిగితే మళ్లీ 2002లో జరిగాయి. మధ్యలో పదేళ్లకు పైగా పాలకవర్గమే లేదు, స్పెషల్ ఆఫీసర్ల పాలన. విశాఖలో 2007లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2012లో ముగిస్తే మళ్లీ ఎన్నిక 2021 మార్చిలో. అంటే 18 ఏళ్లు నిండి ఓటు వచ్చిన కుర్రాడు మొదటిసారి కార్పొరేటర్‌కు ఓటేసేసరికి పెళ్లై పిల్లలున్న మనిషై ఉంటాడు. తెలంగాణలో సర్పంచుల గడువు 2024 జనవరి నెలాఖరుకు అయిపోతే పంచాయతీ ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. ఆ మధ్య బీసీలకు 42 శాతం రిజర్వేషన్ జీవో, దాని మీద హైకోర్టు స్టే, అదంతా మీకు గుర్తుండే ఉంటుంది. ప్రభుత్వం ఏ పార్టీదైనా ఈ కథ ఒకటే.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో రకం జరిగింది. 2020 మార్చిలో స్థానిక ఎన్నికలు మొదలయ్యాక కరోనా కారణంగా రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేష్ కుమార్ వాయిదా వేశారు. అప్పటి ప్రభుత్వం ఏప్రిల్‌లో ఆర్డినెన్స్ తెచ్చి ఆయన పదవీకాలమే కుదించి పంపేసింది, మే నెలాఖరులో హైకోర్టు ఆ ఆర్డినెన్స్ కొట్టేసింది, చివరికి ఆయన తిరిగొచ్చి 2021లో ఎన్నికలు పెట్టారు. ఎన్నికలు వెంటనే పెట్టమని ప్రభుత్వం, వద్దని కమిషనర్ అనుకున్న దశ ఒకటి, పెడతానని కమిషనర్, వద్దని ప్రభుత్వం అనుకున్న దశ ఇంకొకటి. ఒకే మనుషులు, ఏడాది తేడా.

దీనివల్ల మనకేం నష్టమంటారా? ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లు ఆగిపోతాయి. ట్రాక్టరు డీజిల్ నుంచి వీధి బల్బు దాకా ఆ డబ్బు మీద నడిచే పంచాయతీలున్నాయి. ఇది "నిధుల్లేక నీరసించిన పల్లెలు" అని వస్తుంది గానీ, ఎన్నిక పెట్టనందుకు ఆగిన నిధులని హెడ్డింగులో రాదు.

2020 గ్రేటర్ ఎన్నికల మీద అంత హడావుడి ఎందుకైంది? అది కార్పొరేషన్ ఎన్నికే కదా?

అమిత్ షా, యోగి ఆదిత్యనాథ్, నడ్డా వచ్చి ప్రచారం చేశారు. నాలాల ఎన్నికకు దేశ హోం మంత్రి. ఎందుకంటే అది నాలాల ఎన్నికగా ఎవరూ ఆడలేదు.

ఆ అక్టోబరు 13, 14 తేదీల్లో వాన ముంచేసింది, కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ప్రభుత్వం ముంపు బాధిత కుటుంబానికి 10 వేల రూపాయలు ఇస్తామంది, పంపిణీ మొదలైంది, ఎన్నికల కోడ్ వచ్చాక ఎన్నికల సంఘం ఆపేసింది. అంతే, డబ్బు ఎవరు ఆపించారన్న దాని మీద పది రోజులు వార్తలు నడిచాయి. నాలాలు ఎందుకు పొంగాయి, నాలాల మీద పాత కిర్లోస్కర్ కమిటీ చేసిన సిఫార్సులు ఎంతవరకు అమలయ్యాయి అన్నది లోపలి పేజీలకు పోయింది. చివరికి 150 డివిజన్లలో టీఆర్‌ఎస్ 56, బీజేపీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2. పోలింగ్ సగానికి తక్కువ, 46 శాతం చిల్లర. వరదలో మునిగిన నగరం ఏడు వారాల తర్వాత సగం ఇంట్లోనే కూర్చుంది. నాకు ఆ ఫలితాల్లో అన్నింటికంటే విచిత్రంగా అనిపించిన అంకె ఇదే, ఎవరెన్ని గెలిచారన్నది ఆ తర్వాత.

ఆ తర్వాత 2025 చివర్లో శివార్లలోని 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను జీహెచ్‌ఎంసీలో కలిపారు, వార్డులు 300 చేశారు. నిర్ణయం తీసుకున్నది మంత్రివర్గం. కలిసిపోయిన ఊళ్లలో చాలావాటికి అప్పటికి పాలకవర్గాలే లేవు, అభిప్రాయం చెప్పడానికి.

క్యాంపు రాజకీయాలంటే ఏమిటి?

మేయర్ ఎన్నికో అవిశ్వాసమో ఉన్నప్పుడు కార్పొరేటర్లను బస్సెక్కించి, ఫోన్లు తీసుకుని, రిసార్టులో పెట్టి, ఓటింగ్ రోజు నేరుగా హాల్లోకి దించడం. విశాఖ ఉదాహరణ చాలు. 2021లో 98 డివిజన్లలో వైఎస్సార్‌సీపీ 58 గెలిచింది. 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. 2025 ఏప్రిల్‌లో అదే కౌన్సిల్, అదే మేయర్ మీద 74 ఓట్లతో అవిశ్వాసం నెగ్గింది, టీడీపీ మేయర్ వచ్చారు. మధ్యలో నగర ప్రజలు ఒక్క ఓటు కూడా వేయలేదు. ఎక్స్ అఫీషియో ఓట్లతో (ఎమ్మెల్యే, ఎంపీల్లాంటివాళ్లకు హోదా వల్ల వచ్చేవి) సహా లెక్క సరిపోయేలా మనుషులు ఇటు నుంచి అటు నడిచారు.

దీన్ని ఒక పక్క పత్రిక "ప్రజాస్వామ్యం ఖూనీ" అంది, ఇంకో పక్క పత్రికకు "నియంతృత్వానికి చరమగీతం". 2021లో ఏకగ్రీవాలప్పుడు ఇవే హెడ్డింగులు అటూ ఇటూ మారి వచ్చాయి. డెస్కులో పాత హెడ్డింగులు దాచుకుంటే పని తేలిక.

ఒకే సంఘటన రెండు పేపర్లలో రెండు రకాలుగా ఎందుకుంటుంది?

యజమానులెవరో చూడండి. సాక్షి 2008 మార్చిలో జగన్ కుటుంబం పెట్టిన పత్రిక. నమస్తే తెలంగాణ 2011లో వచ్చింది, అది బీఆర్‌ఎస్ గొంతు అని దాచే ప్రయత్నం కూడా ఎవరూ చేయరు. వెలుగు, వీ6 వివేక్ వెంకటస్వామి కుటుంబానివి, ఆయన ఇప్పుడు కాంగ్రెస్‌లో ఉన్నారు, మంత్రి. ఈనాడు, ఆంధ్రజ్యోతి ఏ పార్టీకీ సొంతం కావు గానీ టీడీపీ వైపు మొగ్గు ఉందన్నది వాటి పాఠకులకూ తెలుసు. చాలా భాషల్లో పత్రికల మొగ్గు వెతికి పట్టుకోవాలి, మన దగ్గర మాస్ట్‌హెడ్ (పైన ఉండే పత్రిక పేరు) చూస్తే చాలు. ఒకరకంగా ఇది నిజాయితీయే.

అందుకని నా పద్ధతి ఇది. ఎదుటి పార్టీ మీద రాసిన వార్తను నమ్మే ముందు రెండోది వెతుకుతాను. సొంత పార్టీ ప్రభుత్వం మీద అదే పత్రిక విమర్శ రాసిందంటే మాత్రం వెంటనే నమ్ముతాను, ఎందుకంటే అది దాచలేనంత పెద్దదై ఉండాలి, లేదా లోపల ఏదో చెడి ఉండాలి. రెండూ వార్తలే. ఇక రెండు పక్షాలూ రాయనివి ఉంటాయి: ఇద్దరికీ కావలసిన కాంట్రాక్టర్, ఇద్దరికీ వాటా ఉన్న వెంచర్, ఇద్దరికీ ఫుల్ పేజీ యాడ్ ఇచ్చే కార్పొరేట్ కాలేజీ. ఆ మౌనం గమనించడం నేర్చుకుంటే పేపర్ చదవడం వచ్చినట్టే.

ప్రభుత్వాలు మారినప్పుడు మీడియా మీద ఒత్తిడి కూడా చేతులు మారుతుంది. 2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలు కేబుల్‌లో ఆగిపోయాయి. 2019 అక్టోబరులో ఆంధ్ర ప్రభుత్వం తప్పుడు వార్తల మీద కేసులు పెట్టే అధికారం శాఖల కార్యదర్శులకిస్తూ 2430 నంబర్ జీవో ఇచ్చింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక ఆంధ్రలో టీవీ9 లాంటి ఛానెళ్లు కేబుల్‌లో ఆగిపోయి, విషయం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. ఎవరికి వాళ్లు రెండో వాళ్లది మాత్రమే గుర్తు పెట్టుకుంటారు.

"తెలిసింది", "సమాచారం", "అంటున్నారు"... వీటికి తేడా ఉందా?

చాలా ఉంది. డెస్కులో ఉన్నప్పుడు నాకు బాగా ఇష్టమైన విషయం ఇదే.

"అన్నారు" అంటే ఆ మనిషి నిజంగా అన్నాడు, పేరుంది, రేపు కాదంటే రికార్డు ఉంది. "చెప్పినట్లు తెలిసింది" అంటే గదిలో విలేకరి లేడు, ఉన్నవాళ్లలో ఒకరు చెప్పారు. ఇది తరచు నిజమే అవుతుంది, చెప్పినవాడికి ఏదో అవసరం ఉంటుందంతే. "విశ్వసనీయ వర్గాల సమాచారం" అంటే ఎక్కువసార్లు ఒకే ఒక్క వర్గం. "ప్రచారం జరుగుతోంది" అంటే ఈ వార్తే ఆ ప్రచారం. "చర్చనీయాంశంగా మారింది" అంటే ఎవరూ చర్చించడం లేదు, చర్చిస్తే బాగుండునని రాసినవాళ్ల కోరిక. "గుసగుసలు వినిపిస్తున్నాయి" దగ్గర ఆపేసి సినిమా పేజీకి వెళ్లండి.

ఇంకోటి, "వెల్లువెత్తుతున్న నిరసనలు" అని ఉంటే ఫొటోలో మనుషులను లెక్కపెట్టండి. బ్యానర్ పట్టుకున్నవాళ్లే ఉండి వెనక ఎవరూ లేకుండా ఫొటో దగ్గరగా కత్తిరించి ఉంటే మీకే అర్థమవుతుంది. ఆ కత్తిరింపులు నేనూ చేశాను.

లోకల్ పేజీలు మొదటి నుంచీ ఇలాగే ఉండేవా?

లేదు. ఈనాడు 1974 ఆగస్టు 10న విశాఖలో మొదలైంది, 1989లో జిల్లా పేజీలు విడిగా టాబ్లాయిడ్‌గా ఇవ్వడం మొదలుపెట్టింది. అంతకుముందు మండలంలో బోరు ఎండిపోవడం, బస్సు రాకపోవడం పేపర్లో చోటు దొరికే సంగతులు కావు. తర్వాత అన్ని పత్రికలూ అదే దారి పట్టాయి. ఆ పేజీల బలమేమిటో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు తెలిసింది. ఒక ఊళ్లో జరిగింది మర్నాడు పక్క ఊరి టీ కొట్టులో చదివారు, అక్కడా మొదలైంది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధించారు, 1994 డిసెంబరులో ఎన్టీఆర్ ప్రమాణ స్వీకారం రోజునే సంపూర్ణ మద్య నిషేధం మీద సంతకం పెట్టారు. సారాకు సంబంధించినంత వరకు జిల్లా పేజీ ఒక ప్రభుత్వాన్ని కదిలించింది. అదే పేజీలో ఇప్పుడు పుట్టినరోజు శుభాకాంక్షల ఫొటోలు చూస్తుంటే కడుపులో దేవినట్టుంటుంది.

మరి అలా ఎందుకు తయారైంది? విలేకరులు డబ్బులు తీసుకుంటారంటారు?

తీసుకునేవాళ్లున్నారు. కానీ ముందు మండల విలేకరి బతుకు చూడండి. చాలామందికి జీతం లేదు, రాసిన వార్త కొలిచి ఇచ్చే "లైన్ అకౌంట్" ఉంటుంది, అది పెట్రోలుకు చాలదు. దానికి తోడు సంక్రాంతికి, దసరాకు, పత్రిక వార్షికోత్సవానికి యాడ్స్ టార్గెట్. ఆ యాడ్స్ ఇచ్చేదెవరు? సర్పంచ్, రైస్ మిల్లు యజమాని, ప్రైవేటు స్కూలు, ఇసుక రీచ్ ఉన్నాయన. పొద్దున చేయి చాపి యాడ్ అడిగినవాడి మీద సాయంత్రం వార్త రాయమంటే ఎలా రాస్తాడు? నేను డెస్కులో ఉండగా ఒకాయన అక్రమ ఇసుక మీద మంచి వార్త పంపాడు, అది వేయకుండా పక్కన పెట్టమని పై నుంచి మాట వచ్చింది, వారం తర్వాత ఆ పేరుతోనే క్వార్టర్ పేజీ యాడ్ వచ్చింది. ఆ విలేకరి ఆ తర్వాత ఇసుక మీద ఎప్పుడూ రాయలేదు. తప్పు ఆయనదని నేననను. నాది కూడా కొంత ఉంది, పేజీ పెట్టింది నేనే.

అదంతా తెలిసి కూడా, ఇద్దరు ముగ్గురు ముఖ్యమంత్రులను చూసిన పాత విలేకరి ఒకరు మీ మండలంలో ఉంటే ఆయన్ను వదులుకోకండి. ఏ సర్వే నంబరు ఏ చెరువుదో తహసీల్దారుకంటే ఆయనకే ఎక్కువ తెలుసు.

పెయిడ్ న్యూస్‌ను పట్టుకోవడం ఎలా?

2009 ఎన్నికల తర్వాత ఇది (డబ్బు తీసుకుని ప్రచారాన్ని వార్తలా వేయడం) పెద్ద గొడవై, ప్రెస్ కౌన్సిల్ సబ్ కమిటీ విచారించింది, అందులో మన సీనియర్ పాత్రికేయులు కె. శ్రీనివాస్ రెడ్డి గారు సభ్యులు. ఎన్నికలప్పుడు ఇప్పుడు జిల్లాకో మీడియా పర్యవేక్షణ కమిటీ ఉంటుంది. అయినా ఆగలేదు, తెలివి మీరింది.

గుర్తులు తేలికే. అభ్యర్థి "సౌమ్యుడు, అందరివాడు" అని ఉంటుంది, ఎవరన్నారో ఉండదు. అదే పేజీలో ఇద్దరు ప్రత్యర్థులూ భారీ మెజారిటీతో గెలుస్తుంటారు. అక్షరాల సైజు, ఫాంటు మిగతా పేజీకి కొంచెం తేడాగా ఉంటుంది. రెండు పత్రికల్లో ఒకే వాక్యం, అదే అచ్చుతప్పుతో వస్తుంది (ప్రెస్ నోట్ రాసినవాడికి వత్తులు రావన్నమాట).

టీవీ డిబేట్లు చూడాలా?

అక్కర్లేదు.

యూట్యూబ్ ఛానెళ్లను నమ్మొచ్చా?

మైకు లోగో ఉన్న ప్రతివాడూ జర్నలిస్టు కాదు, కానీ పెద్ద ఛానెళ్లు వెళ్లని చోట్లకు వెళ్తున్నది వీళ్లే. ముంపు కాలనీలో నడుము లోతు నీళ్లలో నిలబడి లైవ్ ఇచ్చింది ఎవరో గుర్తు చేసుకోండి. థంబ్‌నెయిల్ చూడకుండా, ఎడిట్ చేయని ముక్క ఎంత పొడవుందో చూడండి. ఎంత పొడవుంటే అంత పనికొస్తుంది.

వీళ్లకు రక్షణ తక్కువ. 2025 మార్చిలో ఒక రైతు ముఖ్యమంత్రిని తిట్టిన వీడియో పెట్టినందుకు హైదరాబాద్‌లో ఇద్దరు మహిళా జర్నలిస్టులను అరెస్టు చేశారు. అదే ఏడాది జూన్‌లో సాక్షి టీవీ చర్చలో అతిథి అన్న మాటలకు యాంకర్ కొమ్మినేని శ్రీనివాసరావును ఆంధ్ర పోలీసులు అరెస్టు చేస్తే సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. ఆ అతిథి మాటలు అసహ్యంగా ఉన్నాయి, నాకు అందులో రెండో ఆలోచన లేదు, అయినా మాటకు జైలు అన్నది ఒకసారి అలవాటైతే మీ పక్క వాళ్లకూ వర్తిస్తుంది.

కూల్చివేతల వార్తలు ఎలా చదవాలి?

మూడు విషయాలు వెతకండి. ఎఫ్‌టీఎల్‌లో (చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు) ఉందా, బఫర్ జోన్‌లో (ఆ హద్దు చుట్టూ వదలాల్సిన జాగా) ఉందా? పర్మిషన్ ఇచ్చింది ఎవరు? నోటీసు ఎప్పుడిచ్చారు? 2024 ఆగస్టులో నాగార్జునకు చెందిన ఎన్ కన్వెన్షన్ కూల్చినప్పుడు చప్పట్లు మారుమోగాయి, తర్వాత చిన్న ఇళ్ల మీదికి జేసీబీ వచ్చేసరికి అవే చేతులు శాపనార్థాలు పెట్టాయి. రెండు సందర్భాల్లోనూ ఆ కట్టడానికి కరెంటు మీటరు, ఇంటి నంబరు, పన్ను రసీదు ఇచ్చిన ఆఫీసుల పేరు వార్తలో పెద్దగా కనపడలేదు. కూల్చే దృశ్యం మొదటి పేజీ, సంతకం చేసిన అధికారి ఎక్కడా లేడు.

(పాత పేపర్లు తిరగేసేటప్పుడు ఒక జాగ్రత్త: 2022కు ముందు "బీఆర్‌ఎస్ గడువు పెంపు" అని ఉంటే అది పార్టీ కాదు, అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ పథకం.)

పన్నులు పెరిగాయా తగ్గాయా, ఒక్కో పేపర్ ఒక్కోటి రాస్తోంది?

రేటు, పద్ధతి రెండూ వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి ఆస్తి పన్నును అద్దె విలువ బదులు ఆస్తి విలువ మీద లెక్కిస్తున్నారు, ఏడాదికి 15 శాతం మించి పెరగకూడదని పరిమితి పెట్టారు. "పెంపు 15 శాతమే" అని ఒకరు, "ఏటేటా బాదుడు" అని ఒకరు రాశారు, ఇద్దరూ కరెక్టే. చెత్త పన్ను సంగతి తేలిక: 2021లో వచ్చింది, 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో చంద్రబాబు రద్దు ప్రకటించారు. ఆ చెత్త బండ్ల ఖర్చు ఇప్పుడు ఏ పద్దులోంచి వస్తోందో మీ మున్సిపల్ బడ్జెట్‌లో వెతికితే కనిపిస్తుంది.

జీవో చదవడం మామూలు మనిషికి సాధ్యమా?

సాధ్యమే, పేపర్ కంటే తేలిక. నంబరు ముందు ఎంఎస్ అని ఉంటే విధానానికి సంబంధించింది, ఆర్‌టీ అని ఉంటే బదిలీలు, బిల్లులు, ఒక్కొక్కరి వ్యవహారాలు. పైన పాత జీవోలు, లేఖల జాబితా ఉంటుంది, అందులో మొదటి లేఖ ఎవరు రాశారో చూస్తే ఈ ఆలోచన ఎక్కడ పుట్టిందో దొరుకుతుంది. మధ్యలో కథంతా వదిలేసి చివరి రెండు పేరాలు చదవండి, ఉత్తర్వు అక్కడే ఉంటుంది. ఆంధ్రలో 2021 ఆగస్టు నుంచి జీవోలు వెబ్‌సైట్లో పెట్టడం ఆపేశారు, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ మొదలుపెట్టారు. దొరక్కపోతే సమాచార హక్కు చట్టం ఉంది: గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రశ్న "ఎందుకు" అని అడగకండి, "ఫలానా ఫైలు నోట్ షీట్ల నకళ్లు ఇవ్వండి" అని అడగండి. ఎందుకు అనేదానికి జవాబివ్వనక్కర్లేదని వాళ్లకు బాగా తెలుసు.

శిలాఫలకం గొడవలు రోజూ ఎందుకొస్తాయి?

పేరు చిన్న అక్షరాల్లో పడిందనో, అసలు పడలేదనో, ఎమ్మెల్యే రాకముందే ఎమ్మెల్సీ కొబ్బరికాయ కొట్టారనో. ప్రొటోకాల్ రగడ అంటారు. రాయడం సులువు, ఫొటో బాగుంటుంది, ఇద్దరూ మాట్లాడతారు. అదే రోడ్డు ఎస్టిమేట్ ఎంత, కాంట్రాక్టర్ ఎవరు, ఎన్నేళ్లు మరమ్మతు బాధ్యత ఆయనదే అని కనుక్కోవాలంటే ఇంజినీరింగ్ సెక్షన్‌కు మూడుసార్లు తిరగాలి.

మా కాలనీ సమస్య పేపర్లో రావాలంటే ఏం చేయాలి?

సాయంత్రం నాలుగు లోపు చెప్పండి, ఏడు దాటితే పేజీ నిండిపోతుంది. ఆదివారం చెప్పండి, ఆ రోజు ఆఫీసులుండవు, వార్తలు తక్కువ, సోమవారం పేజీకి ఏదో ఒకటి కావాలి. ఫొటో అడ్డంగా తీయండి, అందులో మనిషి ఉండాలి, గుంత ఒక్కటే ఉంటే వేయరు. ఎన్నిసార్లు ఫిర్యాదు చేశారో తేదీలు, నంబర్లు ఒక కాగితం మీద రాసివ్వండి. ఏ శాఖ పనో మీరే కనుక్కుని అది కూడా రాయండి, విలేకరికి ఆ పని తప్పుతుంది కాబట్టి వార్త పడే అవకాశం పెరుగుతుంది. ఏ పార్టీ నాయకుణ్ణీ ఫొటోలోకి రానివ్వకండి, వస్తే సగం పేపర్లు వేయవు. పడ్డాక ఆ ముక్క కత్తిరించి, అదే ఫిర్యాదుకు జతచేసి మళ్లీ కమిషనర్ ప్రజావాణిలో ఇవ్వండి, రసీదు తీసుకోవడం మర్చిపోకండి.